ఫొటోని కవిత్వం అని వదిలించుకోకండి

"ఇది ఫొటో కాదు, కవిత్వం!"

వీధిలో తీసిన ఫొటో ఏదన్నా కాస్త మనసుకు పడితే తెలుగు సాహిత్యజీవుల నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇది. గమ్మత్తేమిటంటే చివరి మాట కూడా ఇదే. తీసినవాడు పొంగిపోయి ఓ దండం పెడతాడు. మనం ఓ మంచి పని చేసినట్టు ముందుకు జరుగుతాం. ఆ ఫొటోలో ఏముంది, ఎవరున్నారు, ఎక్కడ నిలబడి తీశాడు, ఏం వదిలేశాడు, ఇవేమీ మాట్లాడకుండానే మెచ్చుకోవడం అయిపోతుంది.

నాకు ఈ మెప్పుతోనే పేచీ. ఏ కథకుడి దగ్గరికన్నా వెళ్ళి "మీది కథ కాదండీ, మంచి కుండ" అని చూడండి. కుండ గొప్పదే. కుమ్మరి పని తక్కువదేం కాదు. అయినా ఆయన మొహం మాడుతుంది. ఎందుకంటే తను రాసింది మీరు చదవలేదని ఆయనకు అర్థమైపోతుంది. ఫొటోని కవిత్వం అన్నప్పుడు జరిగేదీ అదే. మనకు చదవడం రాని దానికి మనకు వచ్చినదాని పేరు తగిలించి, గౌరవంగా అరుగు మీద కూచోబెట్టి, మనం లోపలికి వెళ్ళిపోతున్నాం.

తెలుగులో పన్నెండు లైన్ల కవితకు మూడు పేజీల స్పందన వస్తుంది. కథా సంకలనానికి ఆవిష్కరణ, పరిచయ సభ, నాలుగు సమీక్షలు, వాటి మీద ఓ వివాదం. ఫొటోకి? కవర్ పేజీ మీద చోటిస్తాం. లోపల, కాపీరైటు పేజీలో, ముద్రాపకుడి ఫోన్ నంబరు కిందెక్కడో పేరు వేస్తాం. అదీ గుర్తుంటే. వెబ్ పత్రికల్లో అయితే కవిత పైన ఓ ముసలాయన మొహం, కథ పైన తడిసిన రోడ్డు, వాటి కింద "ఇంటర్నెట్ సౌజన్యం". ఈ ఇంటర్నెట్ అనే ఆయన ఎవరో గానీ చాలా గొప్ప ఫొటోగ్రాఫర్. తెలుగులో ఆయనకు వచ్చినన్ని అచ్చులు ఇంకెవరికీ రాలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ఫొటో తీసిన మనిషినే ఆ ఫొటోకి కర్త అంటుంది. హక్కులు ఇంకొకరికి అమ్ముకున్నా, ఇది నాదని చెప్పుకునే హక్కు మాత్రం పోదని 57వ సెక్షన్‌లో రాసి ఉంది. కవిత కింద కవి పేరు పడకపోతే ఊరుకోని వాళ్ళం, పైనున్న ఫొటో సంగతికొచ్చేసరికి ఎక్కడినుంచో ఊడిపడిందనుకుంటాం.

ఇదంతా మర్యాదల గొడవ అనుకోకండి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇప్పుడు వీధుల్లో ఫొటోలు తీస్తున్న పిల్లలెవరో, వాళ్ళు ఎట్లా బతుకుతున్నారో చూస్తే సంగతి వేరేగా కనపడుతుంది.

ఆ జిల్లాల్లో ఫొటో అంటే రెండు పనులు. ఒకటి పెళ్ళి ఆల్బమ్, రెండు పాస్‌పోర్ట్ సైజు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో చాలామంది ముందు ఏదో ఒక స్టూడియోలో తెల్ల తెర ముందు నవ్వకుండా కూచున్నవాళ్ళే. రేషన్ కార్డుకి ఫొటో, పింఛనుకి ఫొటో, ఉపాధి హామీ జాబ్ కార్డుకి ఫొటో. స్టూడియో మనుషులకు ఊరి మొహాలన్నీ తెలుసు. వీళ్ళలో కొందరికి పెళ్ళిళ్ళు లేని రోజుల్లో చెయ్యి ఊరుకోదు. మూఢం వచ్చిందంటే, ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, స్టూడియోలో పని ఉండదు. అప్పుడు కెమెరా మెడకేసుకుని అంగడికి, బస్టాండుకి, మానేరు ఒడ్డుకి బయల్దేరతారు. ఉత్తర తెలంగాణ వీధి ఫొటోకి నిజమైన సీజన్ మూఢం అని నేనంటే నవ్వకండి. పారిస్ వీధి ఫొటోగ్రఫీ చరిత్రకు కెఫేలు ఎంతో, మనకు మూఢం అంత.

మళ్ళీ ముహూర్తాలు మొదలవగానే వాళ్ళు వెనక్కి పోవాలి. ప్రీ వెడ్డింగ్ షూట్‌లో పొగ గొట్టం పట్టుకోవాలి. వీధిలో తీసినవి హార్డ్ డిస్కులో పడుకుంటాయి. రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ డిస్కు పాడవుతుంది, లేదా పెళ్ళి వీడియోలకు జాగా చాలక ఆ ఫోల్డరు చెరిగిపోతుంది. వాళ్ళను ఆపేది డబ్బు ఒక్కటే కాదు. ఎవరన్నా కూచుని, "నీ ఈ ఫొటోలో ఇది బాగా కుదిరింది, ఇక్కడ తొందరపడ్డావు, పోయినేడు తీసినదానికన్నా ఇది ఎందుకు మెరుగంటే" అని మాట్లాడితే ఆ ఫోల్డరు అంత సులువుగా చెరగదు. పొగడ్తలకైతే కొదవ లేదు. చదివినవాళ్ళే లేరు.

పొగడ్త ఎక్కడెక్కడ పడుతుందో కూడా చూద్దాం. కరీంనగర్ అంటే 2023లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి. రాత్రిపూట, డ్రోన్‌తో, రంగు దీపాలు నీళ్ళలో పడుతుండగా. ఆ ఫొటో నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. దానిలో ఒక్క మనిషీ ఉండడు. స్మార్ట్ సిటీ బ్రోచర్‌కి అది చాలా బాగుంటుంది. కరీంనగర్ మాత్రం ఆ తీగల మీద లేదు, టవర్ సర్కిల్‌లో ఉంది, కమాన్ చౌరస్తాలో ఉంది. పండుగ ముందురోజు బట్టల దుకాణం మెట్ల మీద చెప్పులు విడిచి, లోపలికి పోవాలా వద్దా అని జేబు తడుముకునే ఆయన దగ్గర ఉంది. డ్రోన్ అంత ఎత్తుకు ఎగిరిపోతే జేబు కనపడదు కదా.

ఆదిలాబాద్ అంటే రెండే: కుంటాల జలపాతం, గుస్సాడీ నెమలి టోపీ. దీపావళి రోజుల్లో దండారీ మొదలైందంటే పట్నాల నుంచి కెమెరాలు దిగుతాయి. బూడిద పూసుకున్న ఒళ్ళు, భుజాన తోలు, నెత్తిన పింఛాల కిరీటం. ఫొటో ఎటు తిప్పినా అందంగానే వస్తుంది, అదే దానితో చిక్కు. ఎవరు తీసినా ఒకటే వస్తుంది. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజుది మార్లవాయి. ఆయన 2024లో పోయారు. ఆయన నేర్పిన ఆటను ఫొటో తీసినవాళ్ళలో ఎంతమంది ఆ టోపీ ఎవరు కడతారు, ఎన్నాళ్ళు కడతారు, పండుగ అయ్యాక దాన్ని ఎక్కడ దాస్తారు అని అడిగారు? టోపీ విప్పాక చెమట తుడుచుకుంటూ చాయ్ తాగే గుస్సాడీ ఫొటో నేను వెతికి వెతికి రెండు మూడు చూశాను. అవి తీసింది ఆ ఊళ్ళవాళ్ళే, ఫోన్లతో. వాటికి లైకులు రాలేదు. నెమలీక లేదు కదా.

ఇంకో జబ్బు నలుపు తెలుపు. రంగుల ఫొటో తీసి, తర్వాత రంగు పీకేసి, ముసలమ్మ మొహం మీద ముడతలు లోతుగా కనపడేలా నొక్కి, కింద "జీవితం" అని రాయడం. నలుపు తెలుపు మీద నాకు పగ లేదు. కానీ రఘుబీర్ సింగ్ ఈ దేశాన్ని రంగుల్లోనే చూడాలని జీవితమంతా పట్టుబట్టి తీశాడు, దాని మీద వాదిస్తూ రాశాడు కూడా. సిరిసిల్ల మరమగ్గాల వాడలో కండెల రంగులు, వేములవాడలో కోడె మొక్కుకొచ్చినవాళ్ళ చేతుల్లో పసుపు కుంకుమ పొట్లాలు, గోదావరిఖనిలో షిఫ్టు దిగిన మనిషి ఒంటి మీద బొగ్గు నలుపు, పక్కనే ఆయన టిఫిన్ డబ్బా ఎరుపు. ఆ ఎరుపు తీసేస్తే నలుపు కూడా నలుపులా ఉండదు, అంతా ఒకే బూడిద. అన్ని ఊళ్ళ ముసలివాళ్ళనూ ఒకే ముసలమ్మను చేసే ఫిల్టరుకు మనం పెట్టుకున్న పేరు మానవీయత.

పొగడకుండా చదివితే ఎలా ఉంటుందో ఒక్క ఫొటోతో చూపిస్తాను.

పోయిన చలికాలం నాకు వాట్సాప్‌లో వచ్చిందది. ఎన్నో ఫార్వర్డో తెలియదు, పేరు లేదు. ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డు. నిండుగా పత్తి ఉన్న బండి, దాని పక్కన ముగ్గురు. ఒకతను తేమ మిషన్‌ని పత్తిలోకి గుచ్చి పట్టుకున్నాడు. మిషన్ నంబరు కనపడే వైపు అతని వైపే ఉంది. చూసేవాళ్ళకి దాని వీపే కనపడుతుంది. రెండో ఆయన రైతు. మఫ్లర్ చెవుల చుట్టూ బిగించి, మెడ ముందుకు చాచి ఆ నంబరు వైపు చూస్తున్నాడు. మూడో ఆయన ఫోన్ మాట్లాడుతున్నాడు, ఇద్దరినీ చూడడం లేదు. బండి మీద వెనక దుప్పటి కప్పుకున్న ఆడమనిషి. ఆమె కళ్ళు నేరుగా కెమెరాలోకి. అందరి మీదా ఏటవాలుగా పడుతున్న పొద్దుటి వెలుగు, తేనెరంగులో.

గ్రూపులో వచ్చిన స్పందనలన్నీ ఆ వెలుగు మీదే. ఎంత అందం, ఎంత కవిత్వం, ఆ రైతు కళ్ళలో ఎంత తపస్సు.

తపస్సేం కాదు, లెక్క. సీసీఐ పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ ధరలో ఒక్కో శాతం కోస్తుంది. 12 దాటితే అసలు కొనదు. 2024-25 సీజనులో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే ఆ మిషన్ మీద ఒక్క అంకె అటు ఇటు అయితే క్వింటాలుకు 75 రూపాయలు. 13 అని పడితే ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. ఆ మెడ ముందుకు సాగింది అందుకు.

ఇప్పుడు ఆ వెలుగు సంగతి. ఆదిలాబాద్ చలి తెలిసిన చలే. రాత్రి మంచుకు పత్తి తేమ పీలుస్తుంది. పొద్దెక్కి ఎండ తగిలాక కాస్త ఆరుతుంది. కాబట్టి ఫొటోగ్రాఫర్లు ప్రాణమిచ్చే ఆ పొద్దుటి గంట, ఆ ఏటవాలు తేనెరంగు, రైతుకు అన్నిటికన్నా చెడ్డ గంట. ఇంకో రెండు గంటలు ఆగి మిషన్ పెడితే అంకె తగ్గొచ్చు. ఎప్పుడు పెట్టాలో మాత్రం తన చేతిలో లేదు. ఆ ఫొటోలో అందమూ నష్టమూ వేరువేరు చోట్ల లేవు. ఒకే వెలుగులో ఉన్నాయి. తీసిన మనిషికి ఇది తెలుసా? తెలుసనే నా అనుమానం. ఎందుకంటే అతను అంకె కనపడే వైపు నిలబడొచ్చు. జూమ్ చేసి 11.4 అనో 12.6 అనో చూపించొచ్చు. అది పేపర్ ఫొటో అయ్యేది. అతను అంకెను మనకు దాచి, రైతు మెడలోంచి చదువుకోమన్నాడు. అంకె ఉంటే మనం చూసి, అయ్యో అని, వెళ్ళిపోయేవాళ్ళం. లేదు కాబట్టి ఇంకా నిలబడే ఉన్నాం.

తప్పు లేదా అందులో? ఉంది. ఆ మూడో మనిషి, ఫోన్ మాట్లాడేవాడు, ఫ్రేమ్ అంచున సగం తెగాడు. అతను కొనేవాడా, దళారీయా, ఇంకో రైతా అనేది తేలడం లేదు. అక్కడ ఒక్క అడుగు వెనక్కి వేయాల్సింది. ఆ ఆడమనిషి చూపుకి ఫొటో ఏ జవాబూ ఇవ్వదు. ఆమె తీసినవాణ్ణి చూస్తోంది, అంటే అతను కనపడకుండా తీయలేదన్నమాట. ఆ చూపులో అభ్యంతరం ఉందా, విసుగా, ఊరికేనా, నాకు రెండు వైపులా అనిపిస్తోంది. ఈ మాటలు అతనితో అందామంటే అతని పేరు లేదు. ఫార్వర్డ్ చేసిన ఏ ఒక్కరికీ పేరు అవసరం అనిపించలేదు.

నేను చెప్పేది ఇంతే. ఈ చదువుకి కళాశాల డిగ్రీ అక్కర్లేదు. పత్తి ధర తెలియాలి, చలి తెలియాలి, ఫ్రేమ్‌ని కాసేపు తీరిగ్గా చూడాలి. సాహిత్యం చదివేవాళ్ళకు ఈ తీరిక అలవాటే. అల్లం రాజయ్య కథ చదివేటప్పుడు బొగ్గుబావి గురించి తెలుసుకుంటాం కదా. ఇంద్రవెల్లి అంగడి ఫొటో ముందుకొచ్చేసరికి మాత్రం ఆ తెలుసుకోవడం అంతా పక్కన పెట్టి "ఫ్రేమింగ్ సూపర్" అంటాం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసులు కాల్పులు జరిపిన రోజు సోమవారం, అంగడి రోజు. చనిపోయింది 13 మందని సర్కారు లెక్క, 60 మందికి పైనే అని హక్కుల సంఘాల లెక్క. ఇది తెలిసినవాడికి ఆ అంగడిలో ఉల్లిగడ్డలు ఏరుకుంటున్న గోండు ముసలాయన ఫొటో ఒకలా ఉంటుంది, తెలియనివాడికి ఇంకోలా. ఫొటోలో ఏ మార్పూ లేదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, పట్నంలో చదువుకున్న కుర్రవాళ్ళ నుంచే వస్తుంది. అడక్కుండా పేదల ఫొటోలు తీసి పేరు తెచ్చుకోవడం దోపిడీ కాదా? చాలాసార్లు దోపిడీయే. కెమెరా అంటే ఆ జిల్లాల్లో అమాయకమైన వస్తువేం కాదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్ది వారాలకే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి చాలా ఏళ్ళు వీధిలో తెలియని మనిషి ఫొటో తీస్తే, అది ఎవరి ఆల్బమ్‌లో చేరుతుందో అన్న భయం న్యాయమైన భయమే. ఇవాళ కూడా కరీంనగర్ చౌరస్తాల్లో అందరికన్నా ఎక్కువ ఫొటోలు తీసేది ట్రాఫిక్ పోలీసులు. హెల్మెట్ లేని నెత్తి, ముగ్గురెక్కిన బండి, పక్కకు తిరిగిన మొహం. నిర్ణాయక క్షణం అంటే వాళ్ళదే. ఆ ఫొటో ఇంటికొస్తుంది కూడా, చలాన్ తో. కార్టియే బ్రెసన్‌కి కూడా ఈ సదుపాయం లేదు.

(ఆయన 1952 పుస్తకాన్ని ప్రపంచమంతా 'నిర్ణాయక క్షణం' అంటుంది గానీ, అది అమెరికా ప్రచురణకర్తలు పెట్టిన పేరు. ఫ్రెంచిలో ఆయన పేరుకి అర్థం దొంగచాటుగా, హడావుడిగా తీసిన బొమ్మలు అన్నట్టుగా ఉంటుంది. అనుమతి లేకుండా సామాను పరిచి, పోలీసు రాగానే మూటకట్టుకు పరిగెత్తే వీధి వ్యాపారికి వాడే మాట అది. నాకు ఆ పేరే నచ్చుతుంది. అందులో గొప్ప లేదు, భయం ఉంది.)

కానీ దోపిడీ అన్న ఆ మాటను పట్టుకుని పేదవాళ్ళను వీధి ఫొటోల్లోంచి తీసేస్తే మిగిలేది ఏమిటి? కేబుల్ బ్రిడ్జి. కాబట్టి తీయాలా వద్దా అని అడిగితే లాభం లేదు. ఎవరు, ఎంత దూరంలోంచి, ఎన్నోసారి వచ్చి తీశారు అని అడగాలి. అంగళ్ళలో తిరిగి తీసేవాళ్ళకు ఎదురయ్యే మాట ఒకటుంది: "దేనికి తీస్తున్నవ్ బిడ్డా? పేపర్ల వస్తదా?" దీనికి జవాబుండాలి. పెళ్ళి ఫొటోగ్రాఫరుకి ఆ జవాబు ఉంటుంది, పట్నం నుంచి వారాంతంలో వచ్చినవాడికి ఉండదు. పెళ్ళి ఫొటోగ్రాఫరు వచ్చే వారం మళ్ళీ అదే అంగడికొస్తాడు. పది పదిహేను రూపాయల ప్రింటు తెచ్చి చేతిలో పెడతాడు. ఆ ముసలమ్మ దాన్ని చూసి "గిట్ల తీసినవేంది, మంచి చీర కట్టుకునేదాన్ని కదా" అని తిడుతుంది. ఆ తిట్టే నిజమైన సమీక్ష. మనం రాసే ఏ సమీక్షకన్నా ముందు అది పడాలి.

హైమన్‌డార్ఫ్ గురించి చెప్పకుండా ఆదిలాబాద్ ఫొటోల గురించి మాట్లాడలేం. కొమురం భీం చనిపోయిన తర్వాతి సంవత్సరాల్లో నిజాం రాజ్యంలో గోండుల మధ్య పనిచేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఆయన. మార్లవాయిలో ఉన్నాడు, భార్య బెట్టీతో. ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టించింది ఆయనే, 1940లలో. ఆయన తీసినవి వీధి ఫొటోలు కావు, పరిశోధన ఫొటోలు. అయినా వాటిలో చాలావాటికి ఇవాళ్టి వీధి ఫొటోలకు లేనిదొకటి ఉంది: వెళ్ళిపోయే తొందర లేకపోవడం. ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు, రాజ్యం పంపగా వచ్చిన మనిషే. కానీ ఆ వేల ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి, వివరాలతో సహా. మార్లవాయి ముత్తాతల మొహాలు లండన్‌లో దొరుకుతాయి. పోయినేడు కేస్లాపూర్‌లో గోండు పిల్లాడు తన ఫోన్‌తో తీసిన జాతర ఎక్కడ దొరుకుతుంది? మర్రిచెట్ల కింద మెస్రం వాళ్ళ బస, కొత్త కోడళ్ళ భేటింగ్‌కి ముందు తెల్ల చీరల్లో వరసగా నిలబడి ముసిముసిగా నవ్వుకునే అమ్మాయిలు, ఇవన్నీ లోపలి మనిషికే దొరికే ఫొటోలు. అవి స్టేటస్‌లో ఇరవై నాలుగు గంటలుండి పోతున్నాయి. దాచడానికి సాయం చేయాల్సిన విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ఏం చేస్తున్నాయని అడిగే ముందు, ఇవి దాచదగ్గవని ఎవరైనా కారణాలతో రాసి చూపించాలి. ఆ రాసే పని మనది.

మనకు ఈ పని అలవాటు లేదనడానికి దగ్గరి ఉదాహరణ వరంగల్ భరత్ భూషణ్. బతుకమ్మ అంటే ఇవాళ మన కళ్ళలో మెదిలే బొమ్మల్ని తీర్చినవాళ్ళలో ఆయన ముందువరసలోని మనిషి. 2022 జనవరిలో పోయారు. నేను చదివిన నివాళుల్లో ఆయన మంచితనం ఉంది, జబ్బుతో పోరాటం ఉంది, తెలంగాణ మీద ప్రేమ ఉంది. ఒక్క ఫొటో ముందు కూచుని రెండు పేరాలు రాసిన నివాళి కనపడలేదు. ఆయన బతుకమ్మ ఆడే ఆడవాళ్ళను ఏ ఎత్తులోంచి చూశాడు? ఉద్యమం ఆ పండుగను జెండాగా మార్చుకున్నాక వచ్చిన ఫొటోలకూ ఆయనవాటికీ తేడా ఏమిటి? కవి పోతే ఈ ప్రశ్నలు అడక్కుండా ఊరుకునేవాళ్ళమా?

బతికున్నవాళ్ళ సంగతీ అంతే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన కందుకూరి రమేష్ బాబు విలేకరి, రచయిత, వీధి ఫొటోగ్రాఫరు. 'సామాన్యశాస్త్రం' అన్న మాటను తన రాతకూ ఫొటోలకూ కలిపి గొడుగులా పట్టుకున్నాడు. తెలుగులో వీధి ఫొటోకి ఒక సిద్ధాంతం లాంటిది ఉందంటే అది ఆ రెండు పదాల జంటలోనే ఉంది. మరి దాన్ని ఒప్పుకుంటూనో కాదంటూనో ఎవరన్నా వాదించారా? ఆయనలోని రాసే చెయ్యి చూసే కన్నుకు ఎప్పుడు సాయపడింది, ఎప్పుడు అడ్డం పడింది? సామాన్యుడు అనే మాటే ఎదుటి మనిషిని కాస్త చిన్నది చేస్తుందా? ఈ ప్రశ్నలు ఆయన్ని తక్కువ చేయవు. ఆయన పనిని పనిగా తీసుకుంటాయి. హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది, ప్రపంచం నలుమూలల ఫొటోలు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వస్తాయి. మన సాహిత్య పత్రికల్లో దాని గురించి వచ్చిన తెలుగు వ్యాసాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వెళ్ళినవాళ్ళం మాత్రం చాలామందిమి, గోడకున్న ఫొటోల ముందు మన ఫొటో దిగి వచ్చాం.

ఎప్పుడో ఒకప్పుడు కాలమే గుర్తిస్తుందిలే అనేవాళ్ళకు వివియన్ మేయర్ కథ చాలా ఇష్టం. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికి, లక్షకు పైగా ఫొటోలు తీసి ఎవరికీ చూపించని మనిషి. అద్దె కట్టని గోడౌన్ సామాను 2007లో వేలానికి వస్తే బయటపడ్డాయి. ఆమె 2009లో పోయింది, ఈ పేరు సంగతేమీ తెలియకుండానే. గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోతే, కడగకుండా మిగిలిన రీళ్ళే రెండున్నర వేల దాకా. వాటిని తర్వాతివాళ్ళు కడిగారు, చూశారు, బాగోలేనివాటిని బాగోలేదనీ రాశారు. ఈ రెండు కథల్లోనూ కాలం చేసిందేమీ లేదు. ఫిల్మ్ చేసింది. ఫిల్మ్ పెట్టెలో పడి ఉండగలదు. మంచిర్యాల కుర్రాడి హార్డ్ డిస్కు పడి ఉండలేదు. అదృష్టం బాగుండి పడున్నా, అందులో "కొత్త ఫోల్డర్ 7"లో ఉన్న అంగడి ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో చెప్పేవాళ్ళుండరు. 2016లో ఆదిలాబాద్ ఒకటి నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ ముక్కలైంది. ఊళ్ళ పేర్ల వెనక జిల్లా పేర్లే పదేళ్ళలో మారిపోయిన చోట, పేరూ తేదీ లేని ఫొటో ఎవరిదైనా అవుతుంది. ఏ ప్రభుత్వ ప్రకటనకైనా, ఏ పార్టీ పోస్టరుకైనా, ఏ కవిత పైకైనా పనికొస్తుంది.

ఈ వ్యాసం పైన కూడా ఫొటో పెడతామని సంపాదకులు అడిగారు. ఆ పత్తి మార్కెట్ ఫొటో పెట్టొద్దన్నాను. తీసిన మనిషి దొరికితే, అతను ఒప్పుకుంటే, కింద పేరు, ఊరు, తేదీ వేసి, కవితకు ఇచ్చేపాటి పారితోషికమైనా ఇచ్చి పెట్టండి అన్నాను. కవితకు మేమేం ఇస్తున్నామండీ అని వాళ్ళు నవ్వారు. అది ఇంకో వ్యాసం.